నానమ్మ అడిగిన మబ్బు

ఆదివారం చర్చి మానేసి మా అమ్మ ఊరి మీదికి బయల్దేరడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. తెల్లాపూర్ దగ్గర ఒక క్లబ్బులో ఆడవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ పోటీలు, అదీ గడ్డి కోర్టుల మీద. మా అమ్మాయి షారోన్ క్వాలిఫయింగ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడుతోంది. గెలిస్తే అసలు పోటీలోకి వెళ్తుంది, ఇంకో ఏడాది ఆట. ఓడితే సోమవారం మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాలి. ఈ షరతు పెట్టింది నేనే.

షారోన్ ముందే వెళ్లిపోయింది. ఏడింటికి అమ్మా నేనూ జీడిమెట్లలో ఆటో ఎక్కి బాలానగర్ మెట్రో చేరాం. అమీర్‌పేటలో రైలు మారాలి. దారి పొడుగునా అమ్మది ఒకటే సణుగుడు.

"గడ్డి మీద ఆడటానికి ఇంత దూరమా? మన చర్చి వెనకాల బోలెడంత ఉందిగా."

లాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకున్న ఎదుటి కుర్రాడు నవ్వాపుకుని, "అది గసొంటి గడ్డి కాదు ఆంటీ, దుప్పటి లెక్క కత్తిరిస్తరు" అన్నాడు.

"కత్తిరించి గేదెలకి వెయ్యరూ?" అంది అమ్మ.

రాయదుర్గంలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. క్యాబ్‌లో కూర్చోగానే అమ్మ కళ్లు మూసుకుని పైకే ప్రార్థన అందుకుంది. జీవితమంతా నర్సుగా చేసిన మనిషి, దేవుడికైనా పేషెంటు సంగతి పూర్తిగా చెప్పందే వదలదు. "తండ్రీ, ఎండలో బిడ్డకి తలనొప్పి వస్తుంది, నీకు తెలుసు. ఓ మబ్బు అడ్డం పెట్టు ప్రభువా."

"అమ్మా, జర మా స్టాండు మీద గూడ ఒకటి పెట్టమనుండ్రి" అన్నాడు డ్రైవరు.

ప్రవేశం ఉచితం. వెళ్లేవాళ్లు టోపీ, నీళ్లు, ఇంటి ఉప్మా పట్టుకెళ్లడం మేలు. అక్కడి కాఫీ కప్పు దగ్గు మందు కొలిచే మూతకన్నా కాస్త పెద్దది, అంతే. గడ్డి మాత్రం చూడముచ్చటగా ఉంది. దాని మీద బంతి పైకి లేవదు, సర్రున జారిపోతుంది. పిల్లలు దాదాపు కూర్చుని కొడుతున్నారు.

తొమ్మిదిన్నరకి మొదలైంది. అవతల పొడుగాటి విదేశీ పిల్ల. షారోన్ మొదటి సెట్ ఓడి, రెండోది గెలిచింది. మూడోదాంట్లో నాలుగు-రెండుతో ముందుంది. అప్పుడొచ్చింది మబ్బు. అమ్మ గర్వంగా నన్ను మోచేత్తో పొడిచింది.

మబ్బు వెనకే జల్లు. నాలుగు చినుకులకే అంపైర్ ఆట ఆపేసింది. తడి గడ్డి మీద కాలు జారుతుందట. మనుషులు పరుగున వచ్చి కోర్టు మీద టార్పాలిన్ కప్పేశారు. అమ్మ మొహం పాలిపోయింది.

"వాన ఆపమని అడుగమ్మా" అన్నాను.

"పొద్దున నేనేగా అడిగింది! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మాట మార్చను?"

గంటన్నర కూర్చున్నాం. షారోన్ తువ్వాలు తలమీద కప్పుకుని కదలకుండా ఉంది. షరతు పెట్టినవాణ్ణి, లెక్కప్రకారం ఆ వాన నాకు చుట్టం అవ్వాలి. కానీ నేనూ ఆకాశం కేసే చూస్తున్నాను. షారోన్ గెలవాలని నాకెంత ఉందో అప్పుడు తెలిసింది.

ఆట మళ్లీ మొదలయ్యాక షారోన్ చేతులు బిగుసుకుపోయి వరసగా రెండు గేములు పోగొట్టుకుంది. నాలుగు-నాలుగు. పాయింటు నడుస్తుంటే నోరెత్తకూడదన్నారని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. షారోన్ బంతిని ఇంకా కిందికి కోసి కొట్టడం మొదలుపెట్టింది. ఐదు-నాలుగు. చివరికి ఆ పొడుగు పిల్ల వంగలేక బంతిని నెట్‌లోకి కొట్టింది, మ్యాచ్ మాది.

"స్తోత్రం!"

అమ్మ కేకకి పక్క కోర్టులో సర్వీసు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎండ మీద నెపం పెడదామంటే ఎండ కూడా లేదు.

నాలుగింటికి రాయదుర్గంలో తిరుగు రైలెక్కాం. షారోన్ మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"రేపటి మ్యాచ్‌కి ఏం అడగమంటావే? ఎండా, మబ్బా?" అంది అమ్మ.

"ఏమీ అడక్కు నానమ్మా. వచ్చి కూర్చో, చాలు."

కిటికీలోంచి మాదాపూర్ అద్దాల మేడలు వెనక్కి పోతున్నాయి. వాటిల్లో ఒకదాన్లో రేపు పొద్దున షారోన్‌కో కుర్చీ సిద్ధంగా ఉంది. నేను మాత్రం ఫోన్ తీసి ఒకటి అడిగాను, మా మేనేజరుని, రేపటికి సెలవు.