అద్దాల బీరువాలో పాత అంచులు

మా తోటికోడలి మనవరాలు ఈమధ్య బెజవాడలో ఒక కొట్టు తెరిచింది. కొట్టు అంటే దానికి కోపం, స్టూడియో అనాలట. పాతకాలపు లేసులు, బొత్తాలు, చీరల జరీ అంచులు ఎక్కడెక్కడివో పోగుచేసి, వాటి మీద దీపాలు వెలిగించి, ఒక్కోదాని కింద చిన్న చీటీ పెట్టి అమ్ముతుంది. కొనేవాళ్ళు కార్లలో వస్తారు. మొన్న నన్ను కూడా కారెక్కించి తీసుకువెళ్ళి, లేవడానికి ఇద్దరి సాయం కావలసినంత మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళ నాయనమ్మ ట్రంకుపెట్టె నా ముందు తెరిచింది. “చిన్నమామ్మా, ఏది ఏ కాలందో నువ్వు చెప్పు, నేను రాసుకుంటా” అంది. పెట్టెలోంచి కర్పూరం, ఎండిన వేపాకు కలిసిన వాసన గుప్పుమంది. జరీ అంచులు చుట్టలు చుట్టి, ఒక్కోదానికి నడుమున తెల్లదారం కట్టి ఉంది. “అన్నిటికీ ఒకటే తెల్లదారం! నాయనమ్మకి ఎంత పద్ధతో చూడు” అని మురిసిపోయింది. ఆ దారం సంగతి చెప్పాలంటే యుద్ధం రోజుల దాకా వెళ్ళాలి. దానికేమో ఫోను మీద ఫోను వస్తోంది.

నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారిది బట్టల కొట్టు. వన్‌టౌన్‌లో వీధివైపు కొట్టు, వెనక ఇల్లు. మావారు రైల్వేలో గుమాస్తా, కొట్టు చూసుకునేది వాళ్ళ అన్నగారు, అంటే మా బావగారు. యుద్ధం వచ్చి గుడ్డ మీద కంట్రోలు పెట్టేసరికి కొట్లో అమ్మడానికి గుడ్డ లేకుండా పోయింది. పడమర ముఖంగా నిలువెత్తు అద్దాల బీరువా ఒకటుండేది. బావగారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఆ ఖాళీ బీరువా అద్దాలు తళతళలాడేట్టు తుడిచి, దాని పక్కన కూర్చుని వీధిలోకి చూసేవారు. ఖాళీ బీరువాని అంత శ్రద్ధగా తుడిచే మనిషిని చూస్తే నాకు జాలేసేది, ఆయన భార్యకి మాత్రం ఒళ్ళు మండేది. ఆవిడే మా తోటికోడలు. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ‘పాత జరీ కొంటాం’ అని కేకేస్తూ త్రాసు పట్టుకుని ఒకడు మా వీధిలోకి వచ్చాడు. అప్పట్లో పట్టుచీర చిరిగిపోతే అంచు కోసి వాడికిచ్చేవాళ్ళు. వాడు దాన్ని కాల్చి వెండి తీసేవాడు. ఎదురింటావిడ అరచెయ్యంత వెడల్పు అంచొకటి వాడి సంచిలో పడేయడం అక్కయ్య గుమ్మంలోంచి చూసింది. “కాలిస్తే నీకేమొస్తుందిరా, అంతకి ఇంకాస్త నేనిస్తా, నాకియ్యి” అని ఆపింది. అక్కడ మొదలైంది. కొత్త జరీ ఎక్కడా దొరకని రోజులు. మామూలు చీరకి పాత అంచు వేసి కుడితే పెళ్ళిచీరే అయిపోయేది. ఆ అంచుల వెనకాలే లేసులూ, కోటు బొత్తాలూ వచ్చి చేరాయి. వీధి చివర మిషను కుట్టే సాయిబుగారు పాత కోట్ల నుంచి ముత్యపుచిప్ప బొత్తాలు ఊడదీసి, “అమ్మగారూ, ఇవి వకీలుగారివండీ, ఒక్క కేసూ ఓడిపోలేదండీ” అని నవ్వుతూ తెచ్చి ఇచ్చేవారు. బుట్టచేతుల రవికెలకి లేసు పెట్టుకోవడం అప్పటి సరదా. దొరల బంగళాల్లో పాత కిటికీ తెరల లేసుకి కూడా ఆడపిల్లలు పోటీపడేవాళ్ళు. నీలం కాగితం అతికించిన అట్టల మీద బొత్తాలు వరసగా కుట్టి, అంచుల కొసలు బయటికి కనపడేట్టు పేర్చి, అక్కయ్య ఆ బీరువా నింపేసింది. బావగారు మొదట ముఖం చిట్లించారు. బేరాలు సాగేసరికి అద్దాలు మరింత శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టారు.

పాత అంచు కొనడానికి వచ్చేవాళ్ళు వెడల్పూ, బరువూ, జరీ రంగూ చూసేవాళ్ళు సరే, అన్నిటికన్నా ముందు ఒకటి అడిగేవాళ్ళు, “ఎవరిదండీ?” అని. ముత్తయిదువ చీరదైతే పెళ్ళికి పనికొస్తుంది. పోయినవాళ్ళదైతే ముట్టుకోరు. పోయినవాళ్ళ నగలు మాత్రం ఎవరూ కాదనగా నేను చూడలేదు, అది వేరే సంగతి. అందుకని అక్కయ్య ఒక గుర్తు పెట్టుకుంది. బతికున్నవాళ్ళు ఇచ్చిన అంచుకి పసుపులో ముంచిన దారం, పోయినవాళ్ళదానికి తెల్లదారం. తెల్లదారంవి పెళ్ళిళ్ళకి ఇచ్చేది కాదు. నాటకాల కంపెనీవాళ్ళు కొనుక్కుపోయేవారు, వాళ్ళ రాణులకి పట్టింపులుండవు. ఈ రహస్యం నాకొక్కదానికే చెప్పింది. పోయినవాళ్ళ సరుకు కొట్లో ఉందని తెలిస్తే బావగారు బీరువాతో సహా కాలవలో కలిపేసేవారు.

ఒకనాడు కంకిపాడు నుంచి చేతికర్ర పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. మనవరాలి పెళ్ళట. మామిడిపిందెల అంచొకటి తీయించుకుని విప్పి, బొటనవేలితో మెల్లిగా తడుముతూ పోయి, ఒకచోట ఆగింది. అదే కావాలంది. దాని కట్టు తెల్లదారం. పురిట్లో పోయిన ఒక పిల్ల చీరదని, జరీ కాల్చేవాడు అక్కయ్యకి అమ్మినప్పుడు చెప్పాడు. పోయినవాళ్ళలోకెల్లా పురిట్లో పోయినవాళ్ళదంటే జనానికి భయం. “పెళ్ళికి ఇవ్వనండీ. కాస్త కాలిన మచ్చుంది” అని అక్కయ్య చుట్టేసింది. ఆవిడ కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆ ఏడు దసరాలకి వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగాలేక అక్కయ్య పెడన వెళ్ళింది. బావగారు ఒక్కరే కొట్టు ముస్తాబు చేసుకున్నారు. తమ్ముడి భార్యని కాబట్టి ఆయన ఉన్న గదిలోకి నేను వెళ్ళేదాన్ని కాదు, వంటింటికే పరిమితం. ఆయన బీరువా అంతా దింపి, దులిపి, చూసుకుంటే సగం అంచులకి తెల్లదారం. అమ్మవారి పండగపూట కళ్ళెదురుగా తెల్లదారం ఏమిటి, అశుభం కాదూ అనుకున్నారు. ఉన్నవన్నీ తెంపేసి, స్వయంగా పసుపు కలిపి, దారం ముంచి, ఆరబెట్టి, ఒక్కోదానికి ముచ్చటగా ముడి వేశారు. భక్తితో ఇంత నష్టం చేయగల మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అక్కయ్య తిరిగొచ్చి బీరువా ముందు నిలబడిపోయింది. ఆయన వెనకనుంచి, “ఎట్లా ఉంది? కళకళ్ళాడుతోందా లేదా?” అన్నారు. తిట్టడానికి వీల్లేదు, తిడితే ఎందుకో చెప్పాలి. “బాగుందండీ” అంది. తర్వాత చూపులతోనే వరసలు వెతికి, “ఆ మామిడిపిందెల అంచేదండీ?” అంది.

“అమ్మేశాగా! కంకిపాడు నుంచి ఎవరో పెద్దావిడ, చేతికర్రతో వచ్చింది. పసుపుదారం చూసి కళ్ళకద్దుకుంది కూడానూ.”

అక్కయ్య వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. “పురిట్లో పోయినదాని అంచు పెళ్ళికూతురి ఒంటి మీదికి వెళుతోందమ్మాయ్” అంది. ఆవిడకి అటువంటి నమ్మకాలు పెద్దగా లేవు. కానీ నలుగురూ నమ్మేదాన్ని నమ్ముకునే ఆవిడ వ్యాపారం. ఊరుకుంటే రేపు ఆ పిల్లకి కడుపు నొప్పొచ్చినా ఈవిడ గుండెల్లో పోటు. చెబితే మళ్ళీ మా గుమ్మం ఎవరూ తొక్కరు, ఇల్లు గడిచేదేమో ఆ బీరువా మీద. నాకు భయమేసి, “ఊరుకో అక్కయ్యా, ఎవరికి తెలుస్తుంది?” అన్నాను. “నాకు తెలుసుగా” అంది. లేచి, పెట్టెలోంచి తన పెళ్ళిచీర తీసి, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని అంచు కుట్టు విప్పడం మొదలుపెట్టింది. బీరువాలో అన్నీ పసుపుదారాలే అయిపోయాక, బదులు ఇవ్వడానికి నిజంగా అనుమానం లేని అంచు తన దగ్గర అదొక్కటే.

మొక్కు ఉందని బావగారికి చెప్పి, మర్నాడు నన్ను వెంటపెట్టుకుని కంకిపాడు బయల్దేరింది. అప్పటి బస్సులు బొగ్గుతో నడిచేవి, నడవనప్పుడు ఎక్కినవాళ్ళే తోసేవాళ్ళు. మొగాళ్ళు వెనకనుంచి తోస్తూంటే మేము దిగి నడుస్తూ, మసికొట్టుకుపోయిన ముఖాలతో పెళ్ళివారింటికి చేరాం. పందిరి వేస్తున్నారు. కుట్టించి తెచ్చిన చీర మంచం మీద పరిచి ఉంది, చుట్టూ ఆడవాళ్ళు చేరి ఆ అంచే చూస్తున్నారు.

పెద్దావిడ మమ్మల్ని చూడగానే ముఖం మార్చుకుని పెరట్లోకి తీసుకుపోయింది. అక్కయ్య దాపరికం లేకుండా చెప్పేసింది. దారాల గుర్తు, దసరా, తన భర్త చేసిన పని, అన్నీ. చెప్పి, సంచిలోంచి తన అంచు తీసి చేతికివ్వబోయింది. ఆవిడ అందుకోలేదు.

“నాకు తెలుసమ్మా” అంది. “అది నా కూతురిది. ఆ పిందెల కింద నీలందారంతో కుట్టుంటుంది చూశావా, దీపం తగిలి కాలితే నేనే కుట్టా. ఎర్రదారం లేకపోయింది ఇంట్లో. ఈ పిల్లని కని పోయింది. అల్లుడు చెడ్డోడేం కాదు, ఇన్నేళ్ళూ పెట్టెలో దాచి, పిల్లకి సంబంధాలు చూసేవేళ కళ్ళముందు ఉండకూడదని చీరలన్నీ వాడికెవడికో ఇచ్చేశాడు. పిల్లకి తల్లిదంటూ ఒక్క పోగు లేదు. నువ్వు ఇవ్వనంటివి. మళ్ళా వస్తే నువ్వు లేవు, మీ ఆయన పసుపుదారం కట్టి చేతికిచ్చాడు. ఆ కొండమీద తల్లే కట్టించిందనుకున్నా.” ఇంటి తలుపు వైపు ఒకసారి చూసి, “మొగపెళ్ళివారి చెవిన పడితే పెళ్ళి ఆగిపోద్ది. నోరు జారకు తల్లీ” అని అక్కయ్య చెయ్యి పట్టుకుంది.

మేం ఇంట్లోకి వచ్చేసరికి మంచం దగ్గరున్న ఆడవాళ్ళలో ఒకావిడ, పెళ్ళికొడుకు మేనత్తట, అక్కయ్యని ఎగాదిగా చూసి, “కొట్టావిడ మీరేనటగా. ఇంతకీ అంచు ఎవరిదండీ?” అంది.

అంచుల విషయంలో అక్కయ్య ఎన్నడూ అబద్ధమాడి ఎరగదు. ఆ అబద్ధం ఆడకుండా ఉండడానికే అంత దూరం మసికొట్టుకుంటూ వచ్చింది.

“నాదేనండీ” అంది అక్కయ్య. “నా పెళ్ళిచీరది.”

అందరి చూపులూ ఆవిడ బొట్టు మీదా, మెడలో పుస్తెల మీదా ఆగి, తృప్తిపడి మళ్ళీ చీర మీదికి వెళ్ళాయి. ఆ పెళ్ళికూతురు వంగి అక్కయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. తల్లి అంచని ఆ పిల్లకి చెప్పారో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక అక్కయ్య తన అంచు మళ్ళీ చీరకి కుట్టుకోలేదు. కంకిపాడులో పెళ్ళికూతురు కట్టుకున్నది తన అంచేనని పదిమందిలో చెప్పింది, ఇక అదే అంచుతో ఏ పేరంటంలోనైనా ఎట్లా కనపడుతుంది? అది కూడా చుట్టగా చుట్టి, పసుపుదారం కట్టి, బీరువాలో పై అరలో పెట్టింది. ఎవరడిగినా అమ్మలేదు. “మిగతావాటికి తెల్లదారాలు మళ్ళీ కడదామా?” అని అడిగాను. “ఉండనీ. ఎవరైనా అడిగితే చెబుతాంగా. అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో కూడా చూసుకోవాలిగా” అంది. బావగారి ముడులు అట్లాగే ఉండిపోయాయి. యుద్ధం అయి, కంట్రోలు పోయి, కొట్లోకి గుడ్డ వచ్చాక కూడా ఆ బీరువాలో చాలా ఏళ్ళు సాయంత్రపుటెండ వాటి మీదే పడేది. తర్వాత ఎప్పుడో పెట్టెలోకి చేరాయి.

ఫోను పెట్టేసి మనవరాలు పెట్టెలోని పై చుట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. అది అక్కయ్యదే. “ఇదెంత పాతది చిన్నమామ్మా?” అంది. ఈ కాలంలో ఎంత పాతదనే అడుగుతారు, ఎవరిదని అడగరు. “ఇది మీ నాయనమ్మ పెళ్ళిచీరది, దీన్ని మాత్రం అమ్మేయకు” అన్నాను. కట్టు విప్పమంది. ముడి గట్టిగా బిగుసుకుపోయి ఉంది, గోటితో మెల్లిగా వదులు చేశాను. ముడి లోపల, ఎండ తగలని చోట, ఆవగింజంత పసుపు మిగిలి ఉంది. మిగతా దారమంతా వెలిసిపోయి తెల్లగా ఉంది. పెట్టెలో ఉన్న చుట్టలన్నీ తిప్పి చూశాను, అన్నీ అంతే. వాటిని కట్టుకున్న ఆడవాళ్ళలో ఈ రోజున ఒక్కరూ లేరు. అక్కయ్య మళ్ళీ కట్టనన్న తెల్లదారం కాలం తన తీరికలో తనే కట్టుకుంటూ వచ్చింది, అక్కయ్యదానితో సహా.