దుప్పటి పట్టుకున్న ఇంటాయన

తొంభైల చివర్లో అశోక్‌నగర్‌లో ఒక డాబా మీది గదిలో కిరాయికి ఉంటూ సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాణ్ణి. కరెంటు కోతలు పడలేక, నారాయణగూడలోని పాత సామాన్ల షాపు నుంచి రెండు సోలార్ పలకలు తెచ్చి డాబా మీద పెట్టుకున్నాను. ఒక బ్యాటరీ, మధ్యలో చార్జింగ్ డబ్బా, ఒక బల్బు. ఇంటి మీటరుతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఆ వేసవిలో ఇంటాయనకు కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది. ఎప్పుడో రిటైరైన పెద్దమనిషి. నల్లా దగ్గర కిరాయిదార్లందరి ముందు నన్ను నిలబెట్టి, "కరెంటు దొంగవు నువ్వు! రేపు గది ఖాళీ చెయ్" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. గది పోతే పోనీ, ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకునేలా చేయాలనుకున్నాను.

మర్నాడు కావాలనే మిట్టమధ్యాహ్నం దాకా ఆగి పలకలు విప్పే పని మొదలుపెట్టాను. "ఏమేం తీస్కపోతున్నవో చూస్త" అంటూ ఆయనే పైకొచ్చాడు.

"ఎండల ఉన్నంతసేపు పలకలు కరెంటు పుట్టిస్తనే ఉంటయి సార్. ముందు కప్పాలె. జర ఈ దుప్పటి పట్టుకోండి" అన్నాను. కట్టడానికి నా సంచిలో తాడుంది. తీయలేదు.

ఆయన రెండు చేతులతో దుప్పటిని పలకల మీద అదిమిపట్టి నిలబడ్డాడు. ముందు బల్బు ఆపి, డబ్బా నుంచి పలకల తీగలు ఊడదీశాను. బ్యాటరీని చివర్న విప్పాను. దాన్ని ముందు తీస్తే పలకల జోరంతా మీదపడి డబ్బా మాడిపోతుంది. పనిలో మోసం చేయలేదు. మోసం చేసింది వేగంలో. తీగల కొసలకు టేపు చుట్టి, నచ్చలేదని విప్పి, మళ్లీ చుట్టాను. కిరాయిదార్లు మెట్ల మీద చేరారు.

"జర నీళ్లియ్యి" అన్నాడాయన. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నీళ్ల కుండ నా పక్కనే ఉంది.

గడప లోపలి నీడలో పలకల తీగల టేపు విప్పి, వాటికి బల్బు కలిపి, "ఇప్పుడు దుప్పటి ఎత్తండి సార్" అన్నాను. బల్బు వెలిగింది. "ఈ కరెంటు యాడికెల్లి వస్తుందో అందరికి చెప్పండి. తర్వాత నీళ్లిస్త."

"ఎండదే," అన్నాడు కుండ వైపు చూస్తూ. "మీటరుది కాదు. దొంగతనం చెయ్యలే నువ్వు."

అప్పుడు గ్లాసు అందించాను. ఆయన తాగుతుంటే నా కడుపు చల్లబడింది.

రెండ్రోజుల తర్వాత చిక్కడపల్లిలో ఇంకో గది అడగడానికి వెళ్లాను. ఆ ఇంటామె నన్ను ఎగాదిగా చూసింది. దొంగ అనలేదు.

"ముసలాయనకు నీళ్లియ్యనోడివి నువ్వేనా?" అని తలుపేసుకుంది.