గడప లేని ఫ్లాటు, టేకు అల్మారాలు

ఉత్తరాదికి వచ్చి వైశాలిలో ఫ్లాటు కొన్న కొత్తల్లో నా ప్రాణమంతా వంటింటి చెక్క అల్మారాల మీదే ఉండేది. టేకు, పైన మంచి పాలిష్. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే నా కళ్ళు మూకుడు మీద కాదు, ఆ తలుపుల మీద పడే జిడ్డు మీదే. పొయ్యి ఆర్పగానే గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడిచేదాన్ని. ఆ వెంటనే పొడిగుడ్డ. నెలకోసారి నాలుగు చుక్కల నూనెతో మర్దనా.

"నా తలకి ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా నూనె రాశావా?" అనేవారు మా ఆయన.

"రాయడానికి అక్కడేమైనా మిగిల్చారా?" అనేదాన్ని.

ఆ ఏడాదే మా అత్తగారు రాజమండ్రి నుంచి మా దగ్గర ఉండిపోదామని వచ్చారు. నాకు పండగే. మా ఆయన ఆఫీసు నుంచి చీకటిపడ్డాకే వచ్చేవారు. మా అమ్మాయి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. పగలంతా నోరారా తెలుగు మాట్లాడుకోవడానికి నాకు దొరికిన మనిషి ఆవిడొక్కరే.

మొదటి శుక్రవారం ఆవిడ చెంబుతో నీళ్ళూ, పసుపూ పట్టుకుని గడప కోసం ఇల్లంతా తిరిగారు. ఫ్లాటులో గడపెక్కడిది? వీధి తలుపు కింద కూడా పాలరాతి పలకే. చివరికి అల్మారాల అడుగున, నేలకి ఆనుకుని ఉన్న చెక్కపట్టీ కంటబడింది. దాని మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేశారు. నేను కూరలు కొనుక్కుని వచ్చేసరికి పట్టీ పచ్చగా మెరుస్తోంది.

ప్రతి శుక్రవారం అదే తంతు. వద్దని మెల్లగా చెబితే తలూపేవారు, మళ్ళీ వారం మామూలే. వానాకాలానికి పట్టీ ఉబ్బి, దాని మీది సొరుగు బిగుసుకుపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే గరిటె కోసం సొరుగు లాగి లాగి ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"అత్తయ్యగారూ, అది గడప కాదండీ, అల్మారా! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ చెంబు కింద పెట్టేశారు. "గడప లేని ఇంట్లో నాకు పనేముందమ్మా" అన్నారు. సాయంత్రం కొడుకుతో, "కాకినాడకి టికెట్టు తియ్యరా, మీ చెల్లాయి దగ్గరికి పోతాను" అన్నారు.

సొరుగుదేముంది, బాగుచేయించుకోవచ్చు. ఆవిడ వెళ్ళిపోతే మధ్యాహ్నాలు నేనెవరితో మాట్లాడను?

మర్నాడు సొరుగు బాగుచేయడానికి వడ్రంగి మిస్త్రీ వచ్చాడు. మిగిలిన టేకుచెక్కతో వంటింటి గుమ్మానికి గడప పెట్టమన్నాను.

"ఫ్లాట్ మే దహలీజ్ కౌన్ లగవాతా హై, భాభీజీ?" అని, ఫ్లాటులో గడప ఎవరు పెట్టించుకుంటారని నవ్వాడు.

"హమ్ లగవాతే హైఁ, భయ్యా." మేం పెట్టించుకుంటాం అన్నాను.

లోపల సంచి సర్దుకుంటున్న అత్తగారు సుత్తి చప్పుడుకి బయటికొచ్చారు. గడపని చూసి, అక్కడే కూలబడి, పమిటచెంగుతో దాని మీది చెక్కపొట్టు తుడిచారు.

"నీళ్ళు పోస్తే ఇదీ ఉబ్బుతుందేమోనే?"

"ఉబ్బితే ఉబ్బనీండి. మీరు మాత్రం వెళ్ళకండి. మీరు లేకపోతే నాకు తోచదు." ఏడుపొచ్చేసింది.

"ఈ ఏడుపేదో నిన్ననే ఏడిస్తే సంచి సర్దే పని తప్పేది కదే" అన్నారు కళ్ళు ఒత్తుకుంటూ.

ఆ శుక్రవారం కొత్త గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చుక్క నీళ్ళు తగలకుండా, అల్మారా పట్టీ మీద కూడా ఒక్క బొట్టు పెట్టారు.

"ఇంకా దానికెందుకండీ?"

"ఇన్నాళ్ళూ గడప లేని లోటు తీర్చింది. అసలు గడప వచ్చిందని దాన్ని వదిలేస్తామా?"

మర్నాడు జిడ్డు తుడుస్తూ ఆ బొట్టు దాకా వచ్చి, గుడ్డ పక్కకి జరుపుకున్నాను.