రెండూ ఎడమకాలివే

నా చిన్నప్పుడు మేము సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో ఉండగా, మనిషిని కూడా లెక్కలోంచి తీసివేస్తారని తెలిసింది. అవి నితాఖత్ అనే నియమం వచ్చిన రోజులు. కంపెనీలో సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలి, లేకపోతే దాన్ని ఎరుపు జాబితాలో వేస్తారు. నాన్న ఏసీలు బాగుచేసే కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, రెన్యువల్ కాదు. ఏ తప్పూ చేయకుండానే నాన్న దొరికితే జైలుకు పోయే మనిషి అయ్యాడు. నన్ను బడి మానిపించారు. ఇంట్లో కూర్చుని, కంటికి కనబడినవన్నీ కూడుతూ తీసివేస్తూ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను.

ఎదురింట్లో యెమెన్ ఖాలా ఉండేది. ఖాలా అంటే పిన్ని. వాళ్ల దేశంలో తిరుగుబాటు లేచినప్పుడు ఆమె తమ్ముణ్ని ఇంట్లోంచే పట్టుకుపోయారట. ఆ రోజు వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదని మళ్లీ మళ్లీ చెప్పేది.

ఒక మధ్యాహ్నం కింది అంతస్తులో తలుపులు బాదుతున్న చప్పుడు. తనిఖీ. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. "గమ్మునుండు పాపా, దగ్గొద్దు" అంది అమ్మ. అంతలో ఖాలా ఒడి నిండా చెప్పులు వేసుకుని వచ్చింది. తనవి, ఇద్దరు కూతుళ్లవి, కోడలివి. అక్కడ గడప బయట ఆడవాళ్ల చెప్పులు గుంపుగా కనబడితే పరాయి మగవాడు లోపల అడుగు పెట్టడు. నాన్న చెప్పులు లోపలికి విసిరి, తను తెచ్చినవి అమ్మవీ నావీ పక్కన పరిచి, నాన్నను వెనకగదిలోకి నెట్టి, ముసుగు దించుకుని తలుపు దగ్గర నిలబడింది.

వచ్చినవాడు కుర్ర పోలీసు. "ఆడవాళ్లం కూర్చున్నాం నాయనా. మీ అమ్మ ఉన్న ఇంట్లోకి ఎవడన్నా ఇట్లాగే వస్తాడా?" అని ఖాలా అరబ్బీలో విసుక్కుంది. లోపల ఎంతమందని అతను నన్ను అడిగాడు. మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే. నేను కిందికి చూసి జతలు లెక్కపెట్టి, "ఆరుగురు" అన్నాను. అతనూ చూశాడు. తొందరలో ఖాలా ఇంటి లోపలినుంచి కూడా ఏరి తెచ్చిన ఒక జతలో రెండూ ఎడమకాలివే. అతని చూపు వాటి మీదే ఆగిపోయింది. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అప్పుడు చూశాను, ఎదురుగా ఖాలా గడప బోసిగా ఉంది. ఆ తలుపు వెనక ఆమె కొడుకు ఉన్నాడని, అతనికీ ఇఖామా లేదని అమ్మ తర్వాత చెప్పింది.

ఆ పూట గడిచింది కానీ, తలుపు వెనక బతుకు ఎన్నాళ్లని? పత్రాలు లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని సర్కారు పెట్టిన క్షమాభిక్ష గడువు ముగియకముందే నాన్న తనంతట తానే వెళ్లి వేలిముద్రలు ఇచ్చాడు. మేము ఎగ్జిట్ వీసా మీద కడపకు బయలుదేరాం. "మాకు పోనీకి ఊరుంది గదా, నువ్వు యాడికి పోతావక్కా?" అని అమ్మ తెలుగులోనే ఏడ్చింది. ఖాలాకు అర్థమైందో లేదో, అమ్మ చెంపలు తుడిచింది. అమ్మ తన చెప్పులు ఆమె గడప ముందే విడిచిపెట్టి, నాన్న హవాయి చెప్పులతో విమానం ఎక్కింది.

కొన్నాళ్లకు ఆ అంతస్తు మొత్తం ఖాళీ అయిందని విన్నాం. వాళ్లేమయ్యారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు నలుగురి లెక్కలు చూసి పెట్టే పని నాది. ఎక్కడ తేడా వచ్చినా నాకు నిద్ర పట్టదు. కానీ మా గడప బయట మాత్రం ఇంట్లో మనుషులకన్నా ఒక జత ఎక్కువే ఉంటుంది. ఆ తేడాను నేను సరిచేయను.