శ్రమదినాల్లో నారింజ బిళ్లల డబ్బా

పొద్దున్నే చర్చి గ్రూపు చూస్తే ఒళ్లు మండింది. ఈస్టర్ ముందు శ్రమదినాలని ఒకావిడ చికెన్ మానేశారట. పండగ రోజు తినడానికి ఇప్పట్నుంచే ఫ్రీజర్ నింపుకుని ఫొటో పెట్టారు. కింద అందరూ ఆమెన్లు!

చిన్నప్పుడు నాన్న ఉద్యోగం మీద హిందీవాళ్ల ఊళ్లో ఉన్నప్పటి మా బారిడీహ్ క్వార్టర్లో మంచం కింద దాచిన నా రేకు డబ్బా గుర్తొచ్చింది. మన ఈడువాళ్లకి గుర్తున్నాయా, పంచదార అద్దిన నారింజ తొనల బిళ్లలు? ఆ ఏడు నేను మానేసినవి అవే. నాన్న సాక్చి బజారు నుంచి తెచ్చినప్పుడల్లా డబ్బాలో వేసుకునేదాన్ని, ఈస్టర్ రోజు అన్నీ ఒకేసారి తిందామని. రోజూ మూత తీసి వాసన మాత్రం చూసేదాన్ని.

ఒకరోజు చూస్తే డబ్బా లేదు. పక్క క్వార్టర్ మున్నీకి అమ్మ ఇచ్చేసింది. మున్నీ వాళ్ల నాన్నకి అప్పుడు పని లేదు.

"నావి ఎందుకిచ్చేసినావమ్మా?" అని ఏడ్చాను.

"మానేసినానన్నావు కదే! దాసుకుని తరవాత తింతానంటే అది మానడమేటి? నువ్వు ఒగ్గేసింది ఇంకొకలి నోట్లోకెల్తేనే దేవుడికి సేరినట్టు."

విసురుగా బయటికొచ్చాను. మెట్ల మీద బిళ్ల చప్పరిస్తున్న మున్నీ నన్ను చూసి డబ్బా చాచింది. "లే, తూ భీ ఖా," ఇంద నువ్వూ తినమని.

తినకూడదు, శ్రమదినాలు! ఆ ఉక్రోషం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మున్నీకి శ్రమదినాలంటే ఏమిటో తెలియదు. అయినా డబ్బా చేతికి రాగానే ఇంకొకరి ముందు చాచింది తనే. అన్నాళ్లూ మూత బిగించుకుని కూర్చున్నది నేను.