మొన్న వేసిన పునాదిరాయి

ఇక్కడ గల్ఫ్‌లో ఉన్న బహ్లా కోట చూడాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. అల్ ఖువైర్‌లో ఆఫీసు కుర్చీలో కూర్చుని అనుకోవడమే తప్ప కదిలింది లేదు. చివరికి కదిలించింది మా కంపెనీ డ్రైవర్ ఇనాయత్ భాయ్. పాకిస్తాన్‌లో కొండల పక్క ఊరు అతనిది. వాళ్ల ప్రాంతం నుంచి ఐదుసార్లు పార్లమెంటుకు గెలిచిన పెద్దమనిషి బహ్లాలో బంధువుల తోటకు వచ్చారట, శుక్రవారం భోజనం కాగానే వెళ్లిపోతారట. "పెట్రోల్ నీది, కారు నాది. మా ఊరి వాగు మీద వంతెన కోసం నాకు ఉర్దూల ఒక దరఖాస్తు రాసియ్యి, గంతే," అన్నాడు. మేం మాట్లాడుకునేది ఉర్దూలోనే. నాది నిజామాబాద్ కాబట్టి అతని మాటలు నా చెవికి ఎలా వినిపిస్తాయో అలాగే రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. నిజ్వా మీదుగా రెండు వందల కిలోమీటర్లు, దారిలో టీకి ఆగినా రెండున్నర గంటలు. పెట్రోలుకు రానూపోనూ తొమ్మిది రియాళ్లు అయింది. బస్సులో వెళ్లేవాళ్లు నిజ్వాలో దిగి టాక్సీ మారాలి. రెండు వైపులా గడ్డిపోచ లేని కొండలు. ఇనాయత్ భాయ్ ఆ పెద్దమనిషి రాజకీయ జీవితమంతా డ్రైవర్ లెక్కలోనే చెప్పాడు.

"ఫస్ట్ ఎలక్షన్ల సాబ్ మోటార్ సైకిల్ మీద వచ్చిండు. మా నాయిన చాయ్ పోసిండు. రెండోసారి జీపు. మూడోసారి పార్టీ మారిండు, ఎనక పది బండ్లు. మంత్రి అయినంక అద్దం దించుడే బంద్."

"మరి వాగు మీద వంతెన?"

"ఫస్ట్ గెల్చినప్పుడే పునాదిరాయి ఏసిండు. రాయి ఉన్నది."

అతని కూతురు తొమ్మిదో తరగతి. బడి వాగుకు అవతల ఉంది. పోయిన వానాకాలం సగం రోజులు ఆ పిల్ల బడి ముఖమే చూడలేదు. ఈసారీ అంతే అయితే మాన్పించేద్దామని ఇంట్లో పెద్దాయన తేల్చేశాడట. "గట్టిగ రాయి. కానీ సాబ్‌కు కోపం రావద్దు. వచ్చిందనుకో, ఊర్ల మావోళ్లకు ఒక్క పని కాదు," అన్నాడు. గట్టిగానూ ఉండాలి, కోపమూ రాకూడదు.

తొమ్మిదికి కోటలో ఉన్నాం. అంత ఎత్తు మట్టి గోడలు, బురుజులు, పైనుంచి చూస్తే ఖర్జూరపు తోటలు. నిజం చెప్పాలంటే నేను ఏదీ సరిగా చూడలేదు. మెట్టు మీద కూర్చుని, ప్యాడ్ మోకాళ్ల మీద పెట్టుకుని రాస్తూనే ఉన్నాను. మా నానీ, అంటే అమ్మమ్మ దగ్గర ఉర్దూ నేర్చుకున్నానని ఆఫీసులో గొప్పలు పోయింది నేనే కదా. రాయడం అయ్యేసరికి నమాజు వేళ దగ్గరపడింది. ఇనాయత్ భాయ్‌కి చదువు రాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదివి వినిపించే తీరిక లేకపోయింది.

రెండు గంటలకు తోటలో నలభై మంది దాకా ఉన్నారు. సెక్రటరీ అందరి దరఖాస్తులూ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటున్నాడు. ఆ సంచిలో పడితే అంతే సంగతులని ఇనాయత్ భాయ్‌కి తెలుసు. తిన్నగా వెళ్లి సాబ్ చేతికే ఇచ్చాడు. తెల్ల గడ్డం, మెత్తని గొంతు ఆయనది. కళ్లజోడు పెట్టుకుని పైకే చదవడం మొదలుపెట్టారు. మూడో వరుసలో ఆగారు.

"పర్సోఁ మీరు వేసిన పునాదిరాయి... మొన్న నేను కరాచీలో ఉన్నాను కదయ్యా. రాయి ఎలా వేశాను?"

అందరూ నవ్వారు. నా ప్రాణం పోయినంత పనైంది. మా హైదరాబాదీ ఉర్దూలో పర్సోఁ అంటే మన తెలుగు మొన్న లాంటిదే. మొన్న అంటే మొన్నా కావచ్చు, ఇరవై ఏళ్ల కిందా కావచ్చు. వాళ్ల ఉర్దూలో మాత్రం అది సరిగ్గా నిన్నటికి ముందు రోజే. ఇనాయత్ భాయ్ నావైపు చూశాడు. ఆ చూపు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత సాబ్ వైపు తిరిగాడు.

"రాసినోడు తప్పు రాయలే సాబ్. గా రాయి మీద ఇంతవరకు ఇంకో రాయి లేవలే. చూసేటోళ్లకు మొన్న ఏసినట్టే ఉన్నది."

నవ్వులు ఆగిపోయాయి. సెక్రటరీ కాగితం కోసం చెయ్యి చాచాడు. సాబ్ ఇవ్వలేదు. ఆ మాట దిద్దడానికి కాబోలు పెన్ను తీశారు, కాసేపు కాగితాన్నే చూశారు, పెన్ను మూసేశారు. కాగితాన్ని మడిచి సొంత జేబులో పెట్టుకున్నారు. "పిల్ల పేరేంటి?" అని మాత్రం అడిగారు.

తిరుగు ప్రయాణంలో నిజ్వా దాటాక ఇనాయత్ భాయ్ నావైపు తిరిగాడు.

"కావాల్నని రాసినవా?" అన్నాడు.

"లేదు భాయ్. తప్పే రాసిన."

"ఎవ్వలకు చెప్పకు."

అతనికి తెలుగు రాదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇది జరిగి ఆరు వారాలైంది. ఆ రాయి దగ్గరికి కొలతల టేపు పట్టుకుని ఎవరైనా వచ్చారా అని అతను ప్రతి శుక్రవారం ఇంటికి ఫోన్ చేసి అడుగుతున్నాడు. ఇంకా ఎవరూ రాలేదు. వానలకు ఇంకా మూడు నెలలుంది. సాబ్ మీద నాకు నమ్మకం లేదు, కానీ మూసేసిన ఆ పెన్ను మీద కాస్త ఆశ ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. శుక్రవారం కోట పొద్దుటి పూటే తెరుస్తారు, వేళలు ముందే కనుక్కోండి. దారిలో ఎవరికైనా దరఖాస్తు రాసిస్తే ఒకసారి చదివి వినిపించండి అని కూడా చెప్పాలి. కానీ ఆ రోజు నేను చదివి వినిపించి ఉంటే, ఇనాయత్ భాయ్ ఆ మాట కొట్టేయించి ఉండేవాడు. సాబ్ ఆగకుండా చదివేసి సెక్రటరీకి ఇచ్చేసేవారు, కాగితం సంచిలోకే పోయేది.