బళ్లారిలో బెల్లం ముక్క, మొదటి సత్ప్రసాదం

మా చెల్లెలు రాజమ్మ కథోలికుల ఇంటికి కోడలై వెళ్ళాక, ఎనిమిదేళ్ళపాటు మా నాన్న మమ్మల్ని ఆ గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయిన మరుసటేడు బళ్లారి నుంచి ఉత్తరం వచ్చింది. "ఆదివారం మా పాప తెరెసమ్మ మొదటిసారి సత్ప్రసాదం తీసుకుంటాది. నువ్వన్నా రా అన్నా."

శనివారం మధ్యాహ్నం గుత్తిలో మూడో తరగతి పెట్టె ఎక్కి, గుంతకల్లులో బండి మారాను. సాయంత్రం ఐదున్నరకు బళ్లారి. అక్కణ్ణుంచి జట్కా. మేనకోడలు తెల్లగౌను చూపిస్తూ, "మామా, మీ గుళ్ళో ద్రాక్షరసం గూడా ఇస్తారంటనా? మాకు అప్పమొకటే" అంది.

మాది ప్రొటెస్టెంటు మిషన్. మా సంఘంలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం గిన్నె చేతి నుంచి చేతికి అందుకుంటాం. ప్రభువును జ్ఞాపకం చేసుకోవడం అంటాం. వీళ్ళకు అది గుర్తు కాదు, సాక్షాత్తు ఆయన శరీరమే.

ఆదివారం ఐదున్నరకు పిల్ల దగ్గుతూ లేచింది. నా సంచిలోని బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టాను. రాజమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏం పని చేస్తివన్నా! తీసుకునేదానికి ముందు మూడు గంటలు ఏమీ తినగూడదు!"

తోటి పిల్లలందరికీ సత్ప్రసాదం ఇచ్చేది ఏడింటి పూజలోనే. "మిషనోళ్ళకు దాని విలువ ఏం తెలుస్తాది!" అని రాజమ్మ అత్తగారు నాకు వినపడేట్టే అంది. తెరెసమ్మ గౌను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

నేనే గుడికి వెళ్ళి ఫాదర్‌గారికి తప్పు చెప్పుకున్నాను. ఆయన అరవాయన, తెలుగు నెమ్మదిగా మాట్లాడాడు. "నీళ్ళయితే పరవాలేదు. బెల్లం ఆహారమే. తొమ్మిదిన్నరకు ఇంకో పూజ ఉంది, తీసుకురండి."

"నేనూ తీసుకోవచ్చునా?"

"మీకది జ్ఞాపకం, మాకది ఆయనే. ఒప్పుకోనిది మీ నాలుక మీద పెడితే ఇద్దరమూ అబద్ధమాడినట్టు."

మనసు చివుక్కుమంది. కోపం మాత్రం రాలేదు.

రాజమ్మ ఏడింటి పూజకు వెళ్ళకుండా బిడ్డతోనే ఉండిపోయింది. నేనూ కాఫీ ముట్టలేదు. తొమ్మిదిన్నర పూజలో, లాటిన్ ప్రార్థనల మధ్య, తల్లీబిడ్డలు ముందుకెళ్ళి మోకాళ్ళూనారు. నేను బెంచీ మీదే ఉన్నాను. తెరెసమ్మ తిరిగొచ్చి నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

ఇంటికి రాగానే అత్తగారు ఇడ్లీల పళ్ళెం నా చేతికిచ్చింది. "తినప్పా, నువ్వూ పస్తుండావంట."

మూడింటి బండిలో ఎదురుగా కూర్చున్న శనక్కాయల వ్యాపారి, "యాడికి పోయింటివప్పా?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను, అప్పం నాకివ్వలేదని కూడా.

"అయితే మీలోనూ పంక్తి భేదం ఉండాదే!"

కులం కాదు, అర్థంలో తేడా అని హగరి వంతెన దాటేదాకా వివరించాను. ఆయన పూర్తిగా నమ్మలేదు.

వాళ్ళ అర్థాన్ని నేనూ ఒప్పుకోలేదు. కానీ చిన్న బెల్లం ముక్కకు ఆ ఇల్లంతా తల్లడిల్లింది. ఇన్నేళ్ళలో మా గిన్నె అందుకునేటప్పుడు నా చెయ్యి ఒక్కసారైనా వణికిందా అని ఆలోచిస్తూ గుత్తిలో దిగాను.